కొత్తచెరువు ప్రాంతంలో వానకాలపు జనజీవనం, ఆలయ దర్శనాలు

కొత్తచెరువు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది అనంతపురం జిల్లాలో భాగంగా ఉండేది. దీనికి ఉత్తరాన ధర్మవరం, నైరుతి దిక్కున పెనుకొండ, ఆ దారినే ఇంకా ముందుకు వెళ్తే హిందూపురం ఉన్నాయి. తూర్పున చిత్రావతి నది ఒడ్డున పుట్టపర్తి, దాని పక్కనే బుక్కపట్నం కలవు. 2000వ సంవత్సరంలో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషను కొత్తచెరువుకు, పుట్టపర్తికి నడుమ ఉన్నది. కరవు సీమగా పేరుపడిన ఈ ప్రాంతంలో వానకాలం జనుల దినచర్యను, గుడులకు వెళ్ళే వేళలను, మొక్కులను ఏ విధంగా నడిపిస్తుందో ఈ వ్యాసంలో వివరించబడినది.

వానల తీరు

పంచాంగం ప్రకారం శ్రావణ భాద్రపద మాసాలు వర్ష ఋతువు. పాఠ్యపుస్తకాల ప్రకారం జూన్ మొదటి వారం నుండి నైరుతి ఋతుపవనాల కాలం. కొత్తచెరువు చుట్టుపక్కల వానలు ఈ రెండు లెక్కలకూ పూర్తిగా లొంగవు. పడమటి కనుమలకు తూర్పున వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉండడం వలన నైరుతి మేఘాలు ఇక్కడికి చేరేసరికి చాలావరకు ఖాళీ అయిపోతాయి. ఈశాన్య ఋతుపవనాల వానలు కోస్తాలోను, నెల్లూరు, చిత్తూరు వైపులలోను కురిసి ఇక్కడికి అరకొరగా వస్తాయి. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో సుమారు 60 శాతం నైరుతి కాలంలోను, మిగిలిన దానిలో ఎక్కువ భాగం ఈశాన్య కాలంలోను కురుస్తుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అనంతపురం పేరు చెప్పడం పరిపాటి.

మొత్తం వాన ఎంత అనే దానికంటే అది ఎప్పుడు పడుతుంది అన్నదే ఇక్కడి రైతుకు ముఖ్యం. జూన్, జూలై నెలలలో మబ్బులు కమ్ముతాయి గాని చినుకు రాలదు. పడమటి గాలి రాత్రింబగళ్ళు హోరెత్తుతుంది. ఆషాఢమాసపు ఈ గాలుల బలాన్ని చూసే 1990వ దశకంలో రామగిరి కొండల మీద గాలిమరలు నెలకొల్పారు. విద్యుత్తుకు పనికివచ్చిన ఆ గాలే నేలలోని తడిని పీల్చివేస్తుంది. అసలైన వానలు సెప్టెంబరులో, అంటే భాద్రపద మాసంలో పడతాయి. ఏడాదిలో అధిక వర్షం కురిసే నెల అదే. అక్టోబరుది ఆ తరువాతి స్థానం. పండుగల వానకాలానికి, పొలాల వానకాలానికి నడుమ ఈ విధంగా రెండు నెలల ఎడం ఏర్పడుతున్నది. ఇక్కడి గుడుల సందడిలో పెద్ద భాగం ఈ ఎడంలోనే జరుగుతుంది. తడిసిన గొడుగులతో గుడికి వెళ్ళే రోజులకన్నా, వాన రావాలని కోరుకుంటూ ఎండలో వెళ్ళే రోజులే ఇక్కడ ఎక్కువ.

చెరువులు

ఊరి పేరులోనే చెరువు ఉన్నది. ఈ సీమలో పేరు చివర చెరువు, కుంట, సముద్రం అని ఉన్న ఊళ్ళు అడుగడుగునా కనిపిస్తాయి. వీటిలో సముద్రం అనేది కూడా చెరువే. కొత్తచెరువుకు పొరుగున ఉన్న బుక్కపట్నం చెరువు జిల్లాలోని పెద్ద చెరువులలో ఒకటి. చిత్రావతి నీటితో నిండే ఈ చెరువును విజయనగర రాజు బుక్కరాయల పేరుతో ముడిపెట్టి చెబుతారు. చిత్రావతి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లాలో పుట్టి గోరంట్ల, పుట్టపర్తి, బుక్కపట్నం మీదుగా ఉత్తరానికి సాగి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. నది అనే పేరే గాని ఏడాదిలో ఎక్కువ నెలలు ఇందులో కనిపించేది ఇసుక మాత్రమే. ఎగువన బాగేపల్లి సమీపంలోని పరగోడు వద్ద కర్ణాటక కట్టిన ఆనకట్ట గురించి రెండు రాష్ట్రాల రైతుల నడుమ వివాదం నడిచింది. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు త్రవ్వించాడని, తన తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టాడని స్థానికుల కథనం.

నీటిని దూరం నుండి తెచ్చుకొనే ప్రయత్నానికి ఇక్కడ ఆరు శతాబ్దాల చరిత్ర ఉన్నది. విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండ సీమను పాలించేటప్పుడు, పెన్న నీటిని పెనుకొండకు తీసుకురమ్మని సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుని ఆదేశించాడు. ఆయన సిరువెర చెరువు వరకు కాలువ త్రవ్వి దానికి రాజు పేరు పెట్టాడని 1388 నాటి శాసనం తెలుపుతున్నది. చెరువు కట్టించడం సప్త సంతానాలలో ఒకటిగా భావించిన కాలమది. కడప జిల్లా పోరుమామిళ్ళలో భాస్కరరాయలు వేయించిన 1369 నాటి శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, రాకూడని ఆరు దోషాలు చెప్పబడినాయి. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేళ్ళలో ఆ చెరువు పూర్తి అయినట్లు అందులోనే ఉన్నది. ఆ శాసనం ఉన్నది భైరవాలయం ముందర. చెరువు, గుడి ఒకే ధర్మకార్యంలో రెండు భాగాలని ఆనాటివారు తలచినట్లు దీనివలన తెలుస్తున్నది.

చెరువుల మరమ్మతు కోసం రాయలసీమలో దశబంధ ఇనాములు ఉండేవి. కట్టను, తూములను బాగుచేసే బాధ్యత వహించేవారికి బదులుగా భూమి మీద హక్కు ఇచ్చేవారు. నీటిని పొలాలకు వంతుల ప్రకారం వదిలే పని నీరుగంటిది. ఇనాములు పోయిన తరువాత కట్టల సంరక్షణ ప్రభుత్వ శాఖల చేతికి వచ్చింది. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని ఎత్తిపోసే హంద్రీ-నీవా పథకం ఇటీవలి మార్పు. పెనుకొండ మండలంలోని గొల్లపల్లి జలాశయం ఆ పథకంలోనిదే. సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారం నీటి అవసరాలు కూడా ఈ జలాశయంతో ముడిపడి ఉన్నాయి.

ఏరువాక నుండి ఉత్తర దాకా

జ్యేష్ఠ పౌర్ణమినాడు ఏరువాక పున్నమి జరుపుకుంటారు. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి తినిపించి, ఊరి గుడి చుట్టూ త్రిప్పుతారు. ఆ తరువాత రైతులు లెక్కించేది నెలలను కాదు, కార్తెలను. జూన్ 7, 8 తేదీలలో మృగశిర, రెండు వారాలకు ఆరుద్ర, ఆపై పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి కార్తెలు వరుసగా వస్తాయి. ఒక్కొక్కటి సుమారు పదమూడు, పద్నాలుగు రోజులు.

ఇక్కడి ఎర్రనేలలలో ప్రధాన పంట వేరుశనగ. జనుల వాడుకలో ఇది శెనక్కాయ. 2000వ దశకంలో అప్పటి అనంతపురం జిల్లాలో సుమారు ఎనిమిది లక్షల హెక్టార్ల వరకు ఈ పంట ఉండేది. తరువాత తగ్గుతూ వచ్చింది. విత్తనం వేయడానికి కావలసినంత తడి నేలలో చేరడాన్ని పదును అంటారు. పదునువాన పడిన మరునాడు ఊళ్ళో మనిషి దొరకడు. గొర్రు కట్టి, జడ్డిగంలో గింజలు విడుస్తూ కుటుంబమంతా పొలంలోనే ఉంటుంది. పదును రెండు మూడు రోజులకు మించి నిలువదు. గాలి ఎక్కువగా ఉంటే ఒక్క రోజే. ఆ ఒక్కరోజు శుభకార్యం వచ్చినా, గుడిలో ఉత్సవం ఉన్నా ముసలివారిని, పిల్లలను పంపి పెద్దలు విత్తనానికి పోతారు. విత్తనాలలో కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం రూపొందించిన కదిరి-6 చాలాకాలం ప్రచారంలో ఉన్నది. అదే కేంద్రం నుండి వెలువడిన మరొక రకానికి కదిరి లేపాక్షి అని పేరు. గుడి పేరు విత్తనానికి పెట్టడం ఈ సీమకు తగినదే.

జూలై చివరకు పదును దొరకకపోతే వేరుశనగ అదను తప్పినట్లే. ఆగస్టులో ఉలవ, జొన్న, కొర్ర వంటి ప్రత్యామ్నాయ పంటలవైపు మళ్ళుతారు. మఖ, పుబ్బ కార్తెలు కూడా ఎండిపోతే కరవు తప్పదని నానుడి. సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర కార్తె వస్తుంది. అప్పటికీ వాన లేకపోతే ఏమి చేయాలో నాలుగు మాటల సామెత చెబుతున్నది: ఉత్తర చూసి ఎత్తర గంప. అనగా ఉత్తర కార్తె దాకా చూసి, తట్టాబుట్టా సర్దుకొని బ్రతుకుతెరువు వెతుక్కుంటూ పొమ్మని. సామెత పాతదే అయినా దాని అర్థం పాతబడలేదు. పూర్వం కృష్ణ, తుంగభద్ర ఆయకట్టులకు పోయేవారు. ఇప్పుడు బెంగుళూరు దగ్గర కావడం వలన కట్టడాల పనులకు, కావలి పనులకు అక్కడికి పోతున్నారు. ముసలివారిని, బడిపిల్లలను ఊళ్ళో విడిచి పోవడం పరిపాటి. పండుగకు ఇంటికి ఎవరెవరు వచ్చారు అనేది ఆ ఏటి వానకు కొలమానం వంటిది.

ఇళ్ళు, తిండి, మగ్గాలు

పాత ఊళ్ళలో మట్టి మిద్దెలు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. కొయ్య దూలాల మీద కట్టెలు పరచి, పైన మన్ను వేసి కట్టిన ఈ మిద్దెల మీద వానకాలానికి ముందు చౌడు పోస్తారు. చౌడు తడిసి బిగుసుకొని నీటిని క్రిందికి దిగనీయదు. ఒక్కసారిగా కురిసి వెళ్ళే పెద్దవానను మిద్దె తట్టుకుంటుంది. మూడు నాలుగు రోజులు విడవకుండా పట్టే ముసురు దానికి ప్రమాదం. గోడలు నాని, దూలాలు కుంగి ఇళ్ళు కూలేది అటువంటప్పుడే. ముసురు పట్టిన రాత్రి పాతమిద్దెలలోనివారు గుడి మంటపంలోనో బడిలోనో తలదాచుకోవడం కద్దు. గుడి అరుగు ఈ విధంగా దైవకార్యానికే కాక ఊరి అవసరానికి కూడా ఉపయోగపడుతున్నది.

పొలం పోయేవారు గోనెసంచిని కొప్పెరగా మడిచి తలపై వేసుకుంటారు. గొర్రెల కాపరులకు గొంగడి ఉంటుంది. తిండి విషయానికి వస్తే రాగి సంకటి, శెనక్కాయల ఊరిబిండి, ఉలవచారు ఏడాది పొడుగునా ఉండేవే. మొదటి వానల తరువాత చేలగట్లపై మొలిచే గురుగాకు, చెంచలాకు, పొనగంటాకు ఈ కాలపు ప్రత్యేకత. వీటిని ఎవరూ విత్తరు, ఎవరూ అమ్మరు. ముసురు రోజున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడం పట్టణాలలోను, పల్లెలలోను సమానంగా ఉన్నది. పండుగలకు ఓళిగలు, అలసంద వడలు చేస్తారు.

ధర్మవరంలో వానకాలపు కష్టం మరొక రకమైనది. అక్కడి పట్టుచీరలు నేలలో గుంత తీసి అమర్చిన మగ్గాలపై నేస్తారు. నేతగాడు గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. ఎడతెగని వానలలో ఆ గుంతలలోకి నీరు ఊరుతుంది. చెమ్మకు పడుగు సాఫీగా కదలదు, జరీ మెరుపు తగ్గుతుంది. మగ్గం ఆగిన రోజులకు కూలి ఉండదు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి, పెళ్ళిళ్ళకు చీరల గిరాకీ పెరుగుతుంది. ఆపై భాద్రపద ఆశ్వయుజాల వానలకు నేత ఆగుతుంది. పొలంలో రైతు కోరుకునే వానే మగ్గం దగ్గర నేతగాడిని భయపెట్టడం ఈ ప్రాంతపు విచిత్ర పరిస్థితి.

ఆషాఢ శ్రావణాలలో దర్శనాలు

ఆషాఢ శుద్ధ ఏకాదశి తొలి ఏకాదశి. విష్ణువు శయనించే రోజుగా భావించి ఉపవాసముండి వైష్ణవాలయాలకు వెళ్తారు. ఆషాఢ పౌర్ణమి గురుపూర్ణిమ. ఆ దినాన పుట్టపర్తిలోని ప్రశాంతి నిలయానికి దేశ విదేశాల నుండి భక్తులు వస్తారు. సత్యసాయిబాబా (1926–2011) నిర్యాణం తరువాత కూడా ఈ ఆచారం కొనసాగుతున్నది. పుట్టపర్తిలోనే ఉన్న సత్యభామ గుడి అరుదైనది. సత్యభామకు ప్రత్యేకంగా ఆలయం ఉండడం మరెక్కడా అంతగా వినబడదు.

శ్రావణమాసం గుడులకు నిండు మాసం. సోమవారాలు శివాలయాలకు, మంగళ, శనివారాలు ఆంజనేయునికి, శుక్రవారాలు లక్ష్మికి. కోస్తా జిల్లాలలో కార్తికంలో నాగులచవితి ప్రధానం కాగా, ఇక్కడ కన్నడ సీమలో వలె శ్రావణంలోనే నాగుల పండుగ చేస్తారు. రావి, వేప చెట్లు కలిసి పెరిగిన కట్ట దగ్గర నాగశిలలకు పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి నివేదిస్తారు. శ్రావణ శనివారాలలో కొన్ని కుటుంబాలవారు పిల్లలకు నామాలు పెట్టి, చేతికి చెంబు ఇచ్చి, గోవిందనామంతో ఇల్లిల్లూ తిరిగి బియ్యం తెమ్మంటారు. ఆ బియ్యంతో వండినది అందరికీ పంచుతారు. కలిగిన ఇంటి పిల్లవాడైనా ఆ దినం బిచ్చమెత్తవలసినదే.

దూరపు దర్శనాలలో గుంతకల్లు దగ్గరి కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి ఆలయం ప్రధానమైనది. కసాపురం, మురడి, నేమకల్లు ఆంజనేయులను ఒకే దినంలో దర్శించడం పుణ్యమని శ్రావణంలో వాహనాలు కట్టుకొని పోతారు. మూడు విగ్రహాలనూ వ్యాసరాయలు ప్రతిష్ఠించాడని ప్రతీతి. శ్రావణ బహుళంలో మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన జరుగుతుంది. ఆయన 1671లో బృందావన ప్రవేశం చేసినది శ్రావణ బహుళ విదియనాడు. మెట్ట సీమ నుండి వెళ్ళినవారికి అక్కడ నిండుగా పారే తుంగభద్ర కూడా ఒక దర్శనమే.

ఈ కాలంలో సెలవు రోజులలో లేపాక్షికి రద్దీ ఎక్కువ. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో కూర్మశైలమనే గుట్ట మీద ఉన్న వీరభద్రాలయాన్ని అచ్యుతరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. ఏకశిలా నంది, నాగలింగం, వ్రేలాడే స్తంభం గురించి చాలామందికి తెలుసు. వానకాలంలో గమనించవలసినది పైకప్పును. నాట్యమంటపం కప్పు మీది వర్ణచిత్రాలు దాదాపు ఐదు వందల ఏళ్ళ నాటివి. రాతి పలకల సందుల నుండి దిగే చెమ్మయే వాటికి పెద్ద శత్రువు. ఈ ఆలయం పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చబడినది.

పెనుకొండలో కోట, గగనమహలు, పార్శ్వనాథ జినాలయం, బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉన్నాయి. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చారు. దర్గాకు హిందువులు, ముస్లిములు ఇరువురూ వస్తారు. పీర్ల పండుగ చాంద్రమానం ప్రకారం ఏటా ముందుకు జరుగుతూ వచ్చి 2020వ దశకంలో వానకాలంలో పడింది. 2024లోను, 2025లోను జూలైలోనే వచ్చింది. అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడు కుళ్ళాయిస్వామి ఉత్సవాలు ఈ పండుగకు పెట్టింది పేరు.

వాన కోసం మొక్కులు

శ్రావణం నడుస్తున్నా చినుకు లేకపోతే ఊరి పెద్దలు సమావేశమై ఏమి చేయాలో నిర్ణయిస్తారు. శివలింగానికి సహస్ర ఘటాభిషేకం చేయడం ఒక పద్ధతి. ఊరిలోని ప్రతి ఇంటి నుండి బిందెలతో నీరు తెచ్చి లింగం మునిగేవరకు పోస్తారు. త్రాగునీటికే ఇబ్బందిగా ఉన్న ఏట ఈ మొక్కు చెల్లించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. కప్పను రోకలికి కట్టి, వేపమండలు కప్పి, ఇంటింటా నీళ్ళు పోయించుకోవడం పిల్లల వంతు. కప్పలకు, గాడిదలకు పెళ్ళిళ్ళు చేయడం కూడా కలదు. కర్ణాటక సరిహద్దు గ్రామాలలో భాద్రపదమాసంలో మట్టితో చేసిన జోకుమారస్వామిని బుట్టలో పెట్టుకొని తిరుగుతారు.

విరాటపర్వం చదివితే వాన కురుస్తుందని తెలుగువారందరికీ నమ్మకమున్నది. ఈ ప్రాంతంలో దానిని చదివించడమే కాక ఆడించే ఆచారం కూడా ఉన్నది. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులకు ప్రసిద్ధి. వాన లేని ఏట ఊరివారు చందాలు వేసుకొని బొమ్మలాటవారిచేత విరాటపర్వం ఆడించేవారు. ఆటకు వచ్చిన ఆదాయం కళాకారులకు కరవుకాలపు జీవనాధారం అయ్యేది. వాన పడితే ఊరు బాగుపడుతుంది, పడకపోతే బొమ్మలాట పిలుపులు పెరుగుతాయి. ఈ చిక్కు ఆ కళలో మొదటి నుండి ఉన్నదే. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆటల ఆదరణ తగ్గిన తరువాత ఆ కుటుంబాలు తోలుతో దీపపు గుమ్మటాలు, అలంకార వస్తువులు చేసి జీవిస్తున్నాయి.

రాత్రివేళ గుడిలో పురాణం చెప్పించడం, చెక్కభజన, సప్తాహాలు కూడా ఈ రోజులలోనే ఎక్కువ. పొలంలో పనిలేని వేళ కాబట్టి జనం కూడుతారు.

చాతుర్మాస్యం, థాయిలాండులో వానకాలం

తొలి ఏకాదశి నుండి కార్తిక శుద్ధ ఏకాదశి వరకు నాలుగు మాసాలు చాతుర్మాస్యం. ఈ వ్యవధిలో సన్యాసులు సంచారం మాని ఒకచోట ఉండాలి. బౌద్ధంలోను ఇదే నియమం వర్షావాసం పేరుతో ఉన్నది. వానలలో మొలకెత్తే పైరు, పుట్టే పురుగు పుట్ర పాదాల క్రింద నలగకూడదనేది ఈ నియమానికి చెప్పే కారణం. ఆంధ్రదేశంలో అమరావతి, నాగార్జునకొండ విహారాలు క్షీణించాక ఈ ఆచారం బౌద్ధరూపంలో ఇక్కడ కనుమరుగైనది గాని, థాయిలాండులో నేటికీ దేశమంతటా పాటించబడుతున్నది. ఆషాఢ పౌర్ణమి మరునాడు మొదలై మూడు చాంద్రమాసాలు సాగే ఈ కాలాన్ని అక్కడ పన్సా అంటారు. భిక్షువులు తమ విహారం విడిచి రాత్రి బయట గడపరు. గృహస్థులు వారికి పెద్ద పెద్ద మైనపు వత్తులను, వానలో స్నానానికి ధరించే వస్త్రాలను సమర్పిస్తారు. అనగా గురుపూర్ణిమకు పుట్టపర్తిలో జనం కూడిన మరునాడే థాయి నగరాలలో విహారాలకు జనం కూడుతారు.

ఉత్తర థాయిలాండులోని చియాంగ్ మై నగరంలో ఏటా కురిసే వాన కొత్తచెరువు సీమలో కురిసే దానికి సుమారు రెట్టింపు. అయినను అక్కడివారు కూడా వాన కోసం మొక్కుతారు. వానకాలపు ఆరంభంలో జరిగే ఇంతఖిన్ ఉత్సవంలో లక్ష వానల బుద్ధుడని అర్థం వచ్చే పేరుగల విగ్రహాన్ని ఊరేగించి, పరిమళ జలంతో అభిషేకిస్తారు. బ్యాంకాకులో మే నెలలో రాజలాంఛనాలతో, బ్రాహ్మణ పురోహితుల ఆధ్వర్యంలో దుక్కి ప్రారంభోత్సవం జరుగుతుంది. ఎద్దుల ముందు ఉంచిన గింజలలో అవి దేనిని తింటాయో చూసి ఆ ఏటి పంటను అంచనా వేస్తారు. మన ఏరువాక పున్నమికి ఇది దగ్గరి బంధువు. అధిక వాన కష్టాలు కూడా వారికి కొత్త కాదు. 2024 అక్టోబరులో పింగ్ నది పొంగి చియాంగ్ మై నగరంలో చాలా భాగం మునిగింది.

చెరువు నిండినప్పుడు

వినాయకచవితికి ప్రతిమ చేయడానికి చెరువు మన్ను తెస్తారు. నిమజ్జనానికి చెరువులో నీరుండాలి. నీళ్ళు లేని ఏడు బావులనో కాలువలనో వెతుక్కోవలసి వస్తుంది. అప్పటికి ఉత్తర, హస్త కార్తెల వానలు మొదలయితే ఊరి మాట తీరే మారుతుంది. కలుసుకున్న ఇద్దరు మొదట అడుగుకొనేది చెరువు ఎంత వచ్చింది, తూము మునిగిందా అనే. చెరువు నిండి అదనపు నీరు పొర్లిపోవడాన్ని ఇక్కడ మరువ పారడం అంటారు. మరువ పారిన దినాన ఊరంతా కట్టకు తరలిపోతుంది. కట్ట మీది గంగమ్మకు పసుపు, కుంకుమ, చీర, గాజులు సమర్పించి, పొట్టేళ్ళను బలియిచ్చి, నీటికి హారతి ఇస్తారు. ప్రజాప్రతినిధులు వచ్చి జలహారతి ఇవ్వడం కూడా ఆచారంగా మారింది. ఏళ్ళ తరబడి నిండని చెరువు నిండినప్పుడు, బెంగుళూరు నుండి మనుషులు సెలవు పెట్టుకొని మరువ చూడడానికి వస్తారు.

ఆ సంతోషంలోనే భయం కూడా ఉన్నది. నిండిన చెరువుకు కట్ట తెగే ప్రమాదం ఉంటుంది. రాత్రివేళ కట్ట మీద లాంతర్లతో కాపలా ఉండి, నీరు ఊరే చోట ఇసుక బస్తాలు వేస్తారు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు గండిపడగా, ఊరిని రక్షించడానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ తనను తాను బలి ఇచ్చుకొన్నదని జనశ్రుతి. పేరు ముసలమ్మ గాని ఆమె యువతి. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే ఈ కథను తీసుకొని ముసలమ్మ మరణము అనే కావ్యం రచించాడు. ఆ చెరువు కట్టను నేటికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు. అక్కడ ఆమెకు గుడి ఉన్నది, పూజలు జరుగుతున్నాయి.

2021 నవంబరులో ఈ ప్రాంతంలో ఎన్నడూ లేనంత వాన కురిసి చిత్రావతి పొంగింది. నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద నది నడుమ చిక్కుకొన్నవారిని వాయుసేన హెలికాప్టరు కాపాడింది. అప్పటికి కార్తికమాసం నడుస్తూ, పెరికిన శెనక్కాయ కట్టె చేలలో వాములుగా ఉండే వేళ. తడిసిన కాయ మొలకెత్తుతుంది, కట్టె కుళ్ళి పశువులకు కూడా పనికిరాదు. జూలైలో ఏ వాన కోసం లింగాన్ని ముంచినారో, అదే వాన నవంబరులో చేతికి వచ్చిన పంట మీద పడడం ఇక్కడి రైతులు తరచుగా చెప్పే సంగతి. వానలు సవ్యంగా సాగిన ఏట మాత్రం కార్తిక సోమవారాలలో ఆడవారు తెల్లవారుజామున చెరువులో మునిగి, అరటిదొప్పలలో దీపాలు పెట్టి నీటిలో వదులుతారు. చెరువు ఎండిన ఏట అవే దీపాలను తులసికోట ముందు పళ్ళెంలో నీరు పోసి వెలిగించుకొంటారు.